ధర్మాసుపత్రిలో దళిత తల్లి: అనంతపురం కరువు సీమలో కానుపుల చరిత్ర

1885లో మద్రాసులో ఆడవాళ్ళ కోసం ఒక ఆసుపత్రి పెట్టారు. ముందు నిలబడి పెట్టించింది డాక్టర్ మేరీ షార్లీబ్. తర్వాత భవనం కట్టుకోవడానికి లక్ష రూపాయలిచ్చింది వెంకటగిరి రాజా. ఆ ఆసుపత్రి పేరు 'విక్టోరియా హాస్పిటల్ ఫర్ కాస్ట్ అండ్ గోషా విమెన్'. అంటే కులం గల ఆడవాళ్ళకు, గోషా పాటించే ఆడవాళ్ళకు అని. 'కులం గల' అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఈ దేశంలో కులం లేని మనిషి ఎవరు? మాలకు కులముంది, మాదిగకు కులముంది. పుట్టిన రోజు నుంచి పాతిపెట్టే రోజు దాకా కులం వాళ్ళని విడిచిపెట్టింది లేదు. అయినా ఆ బోర్డు భాషలో కులం అంటే సవర్ణం. పంచమ ఆడది ఆ లెక్కలోకి రాదు.

1948లో ఆ ఆసుపత్రికి కస్తూర్బా గాంధీ పేరు పెట్టారు. బోర్డు మీద నుంచి కులం పోయింది. ప్రసవ గదిలో నుంచి కూడా పోయిందా? ఈ వ్యాసం అడిగే ప్రశ్న అదే. మద్రాసు రాజధానిలో భాగంగా ఉండి, 1953 నుంచి ఆంధ్రలో ఉన్న అనంతపురం కరువు సీమను పట్టుకొని ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

ఆసుపత్రి కానుపుల చరిత్రను మామూలుగా ఒక అభివృద్ధి కథలాగా చెప్తారు. మొదట చీకటి గుడిసె, మొరటు మంత్రసాని. తర్వాత తెల్లకోటు డాక్టరు, శుభ్రమైన గది. చివరికి తల్లీబిడ్డా క్షేమం. ఈ కథలో నిజం లేకపోలేదు, ఆ నిజం దగ్గరికి తర్వాత వస్తాం. కానీ ఈ కథలో దళిత తల్లి ఎప్పుడూ ఒక లెక్క మాత్రమే. ఆమె ఎవరి చేతిలో కనింది, ఆమె ఒంటిని ఎవరు ముట్టుకున్నారు, ఎవరు ముట్టుకోలేదు, ఆమె రక్తాన్ని ఎవరు కడిగారు అన్న సంగతులు ఇందులోకి రావు.

ఎవరి మీద నేర్చుకున్నారు?

మద్రాసులో 1844లోనే ప్రసవాల ఆసుపత్రి మొదలైంది. తర్వాత అదే ఎగ్మూరు ఆసుపత్రి అయింది. 1854 నుంచి అక్కడ మంత్రసానులకు శిక్షణ కూడా ఇచ్చారు. ఆ కాలంలో అందులో చేరినవాళ్ళలో ఎక్కువమంది పేదలు, యూరేషియన్లు, కింది కులాల ఆడవాళ్ళు. ఇంట్లో కనడానికి చోటు, తోడు ఉన్న ఆడది ఆసుపత్రి గడప తొక్కేది కాదు. అంటే ఆసుపత్రి వైద్యం మొదట నేర్చుకున్నది దిక్కులేని తల్లుల ఒళ్ళ మీదనే. ఆ విద్య కుదురుకున్నాక దాన్ని సవర్ణ కుటుంబాలకు అందించడానికి వేరే ఆసుపత్రి కావలసి వచ్చింది. అన్ని కులాలూ కలిసే చోటికి మా ఆడవాళ్ళు రారు అన్నది అప్పటి పెద్దల మాట. 1885లో వేరే ఆసుపత్రి పుట్టడానికి ఆ మాటే పునాది. అదే ఏడు వైస్రాయి భార్య పేరుతో డఫరిన్ ఫండు మొదలైంది. అది కూడా ప్రధానంగా పరదా చాటు ఆడవాళ్ళకు ఆడ డాక్టర్లను అందించాలన్న ఆలోచనతోనే. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని జనం ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. తెలుగు నేల మీద ప్రసూతి ఆసుపత్రికి దక్కిన మొదటి ముద్దుపేర్లలో ఒకటి గోషా కావడం యాదృచ్ఛికం కాదు.

గోషాలో ఉండే ఆడది వైద్యులకు సమస్య అయింది. ఎండలో చేనికి పోయే ఆడది ఎవరికీ సమస్య కాలేదు. ఆమె కష్టపడి పనిచేస్తుంది గాబట్టి సులభంగా కంటుంది అనే నమ్మకం అప్పటి తెల్ల డాక్టర్ల రాతల్లో ఉంది, మన ఊళ్ళల్లో ఇప్పటికీ ఉంది. ఈ నమ్మకం పైకి పొగడ్త లాగా ఉంటుంది. అసలు పని మాత్రం ఒకటే: ఆమె నొప్పిని నమ్మకుండా ఉండటం.

మంగలి రాని గేరి

1882లో బళ్ళారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు. అంతకు నాలుగైదేళ్ళ ముందే, 1876-78లో, ధాత కరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చిపెట్టింది. సగటున ఏటికి 550 మిల్లీమీటర్ల వాన కురిసే నేల ఇది. ఆ వాన కూడా ఒకసారి ముందే కురిసి పోతుంది, ఒకసారి అదును తప్పి వస్తుంది. ఇక్కడి ఆడదాని గర్భం చరిత్రను కరువు చరిత్ర నుంచి విడదీసి రాయలేం. పొద్దున జొన్న సంగటో రాగి సంగటో తిని, మధ్యాహ్నం లేక, రాత్రికి ఉంటే తిని కనే బిడ్డ ఎట్లుంటుందో తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు. 1950ల మొదట్లో రాయలసీమ కరువులో సర్కారు గంజి కేంద్రాలు పెట్టింది. ఆ వరుసల్లో నిలబడినవాళ్ళలో చూలింతలూ బాలింతలూ ఉన్నారు.

ఆ రోజుల్లో కానుపు చేసిందెవరు? 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ దేశపు కులాల గురించి రాస్తూ మంగలి ఆడవాళ్ళు మంత్రసానులుగా పని చేస్తారని రాశాడు. పురిటి బట్టలు చాకలి ఉతుకుతుంది. మైల ఎత్తిపోసే పని ఇంకా కింద ఉన్నవాళ్ళకు పోతుంది. పుట్టుక అనే ఒక్క పనిని కులాలకు ముక్కలు ముక్కలుగా పంచిపెట్టారు. మైల ఎంత ఎక్కువైతే కులం అంత కిందికి దిగుతుంది. 'మంత్రసానితనానికి ఒప్పుకున్నాక బిడ్డొచ్చినా పట్టాల, పియ్యొచ్చినా పట్టాల' అని మన దగ్గర సామెత. ఏదైనా పని ఒప్పుకున్నాక వంకలు పెట్టగూడదు అనే అర్థంలో దీన్ని అందరం వాడతాం. కానీ ఆ సామెత లోపల ఒక ఆడదాని పని ఉంది. ప్రాణం నిలబెట్టే పనిని పియ్యి ఎత్తే పనితో జత కట్టి నవ్వుకున్న సమాజం ఉంది.

మరి మాలగేరిలో, మాదిగ గేరిలో? మంగలి కత్తి గేరిలోకి రాలేదు. అంటరానివాళ్ళకు క్షవరం చెయ్యని మంగలి కుటుంబం అంటరానివాళ్ళకు కానుపు చేస్తుందా? అందుకే గేరిలో మంత్రసాని గేరి ఆడదే. పదిమందిని కన్న ముసలవ్వ, ఆమె చేయి చూసి నేర్చుకున్న కోడలు. ఆమెకు కూలి అంటూ ఏమీ లేదు. ఆకూవక్కా, ఒక రవిక గుడ్డ, ఉంటే రెండు శేర్ల గింజలు. నొప్పులు ఎప్పుడు నిజమైనవి, ఎప్పుడు అబద్ధపువి, బిడ్డ అడ్డం తిరిగితే కడుపు మీద చేయి ఎక్కడ పెట్టాల, మాయ పడకపోతే ఏం చెయ్యాల అన్న విద్య ఆ చేతుల్లో ఉంది. మన చదువుల్లో దానికి విద్య అనే పేరు లేదు.

ఇట్లా చెప్పినంత మాత్రాన పాతకాలాన్ని నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు. కొడవలితో, పాత బ్లేడుతో బొడ్డు కోసి ధనుర్వాతంతో పోయిన పసిబిడ్డలు లెక్కలేనంతమంది. రక్తం ఆగక పోయిన తల్లులు ఇంకెంతోమంది. 1946లో భోర్ కమిటీ దేశం మొత్తం మీద ఏటా సుమారు 2 లక్షల మంది తల్లులు కానుపు కారణాలతో చనిపోతున్నారని అంచనా వేసింది. తల్లులకూ పసిబిడ్డలకూ వచ్చే ధనుర్వాతాన్ని దేశం నుంచి తొలగించామని ప్రకటించుకోవడానికి 2015 దాకా పట్టింది. అవ్వ చేతిలో విద్య ఉంది, కానీ ఆమె చేతికి సబ్బు, కొత్త బ్లేడు, రక్తం సీసా, బండి ఇచ్చినవాళ్ళు లేరు. తప్పు విద్యదా, ఇవ్వనివాళ్ళదా?

ఆపరేషన్ రూపంలో వచ్చిన సర్కారు

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. దాంతోపాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. నర్సమ్మ వచ్చింది. మంత్రసానులకు శిక్షణ ఇచ్చి పెట్టెలు ఇచ్చారు. కానీ నర్సమ్మ ఎక్కడ దిగుతుంది? ఆమెకు ఇల్లు బాడుగకు ఇచ్చేది ఊరు, గేరి కాదు. ఆమె ఊరి నీళ్ళు తాగి, ఊరి అరుగు మీద కూర్చుంటుంది. ఆమె దళితురాలైతే కథ ఇంకో రకం. ఊరు ఆమెకు ఇల్లియ్యదు, ఆమె చేతి సూదికి మాత్రం చేయి చాపుతుంది.

దళిత తల్లి దగ్గరికి సర్కారు వైద్యం పట్టుదలగా, పేరు పెట్టి పిలుస్తూ వచ్చిన సందర్భం ఒకటుంది. అది కు.ని. ఆపరేషన్. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో, దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో సుమారు 62 లక్షలు మగవాళ్ళవి. దానికి మగవాళ్ళు ఓటుతో జవాబు చెప్పారు. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాని జోలికి పోలేదు. బరువంతా ఆడదాని మీదికి వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో 69.6 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. మగవాళ్ళ ఆపరేషన్ 0.4 శాతం. ఈ రెండు అంకెల మధ్య యాభై ఏళ్ళ చరిత్ర ఉంది.

నర్సమ్మకు టార్గెట్లు ఉండేవి. టార్గెట్ నిండకపోతే ఆమెకు జీతం కష్టం, బదిలీ బెదిరింపు. అట్లాంటప్పుడు ఆమె ఎవరింటికి పోతుంది? కాదనలేనివాళ్ళ ఇంటికి. కార్డు కావాల, ఇంటి పట్టా కావాల, లోను కావాల అన్నవాళ్ళ ఇంటికి. 1996 ఏప్రిల్లో కేంద్రం టార్గెట్లు ఎత్తేసింది. మరుసటేడే, 1997లో, ఆంధ్రప్రదేశ్ సొంతంగా జనాభా విధానం ప్రకటించుకుంది. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ సూది మందును పేద ఆడవాళ్ళ మీద పరీక్షకు పెట్టినప్పుడు, వాళ్ళకు సంగతేందో సరిగ్గా చెప్పలేదని స్త్రీ శక్తి సంఘటన అడ్డం తిరిగింది. వ్యవహారం సుప్రీం కోర్టు దాకా పోయింది. ఇది ఒక సూది కథ మాత్రమే కాదు. చెప్పకుండా చెయ్యడం, అడగకుండా కొయ్యడం పేద ఆడదాని విషయంలో మామూలు పద్ధతి అయిపోయిన సంగతి అది.

దీనికి రాజకీయం కూడా తోడైంది. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరు పిల్లల నిబంధన పెట్టారు. అప్పుడే రిజర్వేషన్‌తో సర్పంచి కుర్చీ దాకా రాగలిగిన దళిత ఆడదానికి ఆ నిబంధన అడ్డం నిలిచింది. మూడో బిడ్డను కనాలా వద్దా అన్నది ఆమె చేతిలో లేని ఇంట్లో, శిక్ష మాత్రం ఆమెకు పడింది. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధన తీసేసింది. ఇప్పుడు అదే రాష్ట్రంలో ముఖ్యమంత్రి ఎక్కువమంది పిల్లల్ని కనమని చెప్తున్నారు. ముప్పై ఏళ్ళు ఆపమన్నారు, ఇప్పుడు కనమంటున్నారు. రెండుసార్లూ ఆ తల్లిని అడిగింది లేదు.

ఆసుపత్రికి రమ్మన్నారు

2005 ఏప్రిల్లో జనని సురక్ష యోజన వచ్చింది. ఆసుపత్రిలో కంటే డబ్బిస్తామన్నారు. అదే ఏడు ఆగస్టు 15న రాష్ట్రంలో 108 అంబులెన్సు మొదలైంది. 2011 జూన్ 1 నుంచి జనని శిశు సురక్ష కార్యక్రమం కింద కానుపు, సిజేరియన్, మందులు, రక్తం, పరీక్షలు, తిండి, రాకపోకలు అన్నీ ఉచితం అన్నారు. ఫలితం కనపడింది. 1998-99 సర్వే నాటికి రాష్ట్రంలో దాదాపు సగం కానుపులే ఆసుపత్రుల్లో జరిగేవి. 2019-21 నాటికి అవి 96.5 శాతం. 2001-03లో లక్ష కానుపులకు 195 మంది తల్లులు చనిపోయేవాళ్ళు. 2018-20 నాటికి ఆ లెక్క 45కి దిగింది. ఇది చిన్న విషయం కాదు. ఆసుపత్రికి పోవద్దు అనే మాట ఎవరు చెప్పినా అది దళిత తల్లికి చేసే మేలు కాదు. మన అవ్వలకు దక్కని ప్రాణం మన కూతుళ్ళకు దక్కింది.

అయితే రెండు సంగతులు గుర్తు పెట్టుకోవాల.

మొదటిది. జనని సురక్ష డబ్బు ఆంధ్రప్రదేశ్ లాంటి రాష్ట్రాల్లో పంతొమ్మిదేళ్ళు దాటినవాళ్ళకే, మొదటి ఇద్దరు బిడ్డలకే అని షరతు పెట్టారు. పదహారేళ్ళకు పెళ్ళయి పదిహేడేళ్ళకు కనే పిల్లకూ, నాలుగో కానుపు తల్లికీ ప్రాణగండం ఎక్కువ అని వైద్యులే చెప్తారు. సరిగ్గా వాళ్ళనే బయట పెట్టారు. ఈ షరతు 2013 మే దాకా నడిచింది. పథకం పేరు సురక్ష, షరతు మాత్రం శిక్ష.

రెండోది. ఈ 195, 45 అనే లెక్కలు రాష్ట్రాల వారీగా అచ్చవుతాయి. కులాల వారీగా అచ్చు కావు. చనిపోయిన 45 మందిలో మాదిగలెంతమంది, మాలలెంతమంది, ఎరుకల, సుగాలీలెంతమంది? ఆ బులెటిన్ చదివితే తెలియదు. రిజర్వేషన్ తగ్గించాలన్నప్పుడు మా లెక్క ఇంటింటికీ తిరిగి అడుగుతారు. మా చావుల లెక్క మాత్రం రాష్ట్రం సగటులో కలిపేస్తారు. సగటు అంటే బాగున్నవాళ్ళ బాగు కింద బాగులేనివాళ్ళను దాచిపెట్టే గంప.

మూడు ఆలస్యాలు, నాలుగోది

తల్లుల చావుల మీద 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు రాసిన వ్యాసం ప్రపంచమంతా వాడుకలో ఉంది. తల్లి చావుకు మూడు ఆలస్యాలు కారణమని వాళ్ళు చెప్పారు: పోదామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, ఆసుపత్రి చేరడంలో ఆలస్యం, చేరినాక వైద్యం అందడంలో ఆలస్యం.

అనంతపురంలో రెండో ఆలస్యం భూగోళమే చెప్తుంది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోక ముందు ఇది రాష్ట్రంలోకెల్లా పెద్ద జిల్లా. హిందూపురం నుంచి అనంతపురం నూరు కిలోమీటర్ల పైనే. 2000లో అనంతపురానికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చేదాకా కష్టమైన కేసు అంటే కర్నూలు దారి పట్టాల్సిందే. మండల ఆసుపత్రి నుంచి పట్నం ఆసుపత్రికి, అక్కడి నుంచి జిల్లా పెద్దాసుపత్రికి, అక్కడి నుంచి కర్నూలుకు 'రెఫర్' చీటీ పట్టుకొని తిరగడం ఈ సీమ తల్లులకు తెలిసిన ప్రయాణం. ఒక్కో చీటీ మీద ఒక్కో సంతకం ఉంటుంది. బాధ్యత ఎవరి మీదా ఉండదు.

ఇక్కడే 1969లో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు సంగతి చెప్పాలి. విన్సెంట్ ఫెర్రర్, అన్నే ఫెర్రర్ నడిపిన ఆ సంస్థ దళిత గేరిల్లో ఇళ్ళు, బళ్ళు కట్టింది, ఊరూరా ఆరోగ్య కార్యకర్తలను తయారు చేసింది. కళ్యాణదుర్గంలో, 2000లో బత్తలపల్లిలో ఆసుపత్రులు పెట్టింది. ఈ సీమలో ఎంతోమంది దళిత ఆడవాళ్ళు అక్కడ కన్నారు. 2025లో ఆ సంస్థ విదేశీ నిధుల అనుమతి చిక్కులో పడ్డప్పుడు జనం రోడ్డెక్కింది ఊరికే కాదు. అదే సమయంలో మనం ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాల. సర్కారు చెయ్యాల్సిన పని ఒక స్వచ్ఛంద సంస్థ దయ మీద, విదేశీ నిధుల మీద ఎందుకు ఆధారపడాలి? కానుపు హక్కు అయితే దానికి దాత అక్కర్లేదు.

మూడు ఆలస్యాలకు దళిత చరిత్ర నాలుగోది కలుపుతుంది. అది ముట్టుకోవడంలో ఆలస్యం. బండి వచ్చింది, గది ఉంది, డాక్టరమ్మ కూడా ఉంది. అయినా ఆమె వంతు చివరికి వస్తుంది. నొప్పులు అంటే 'ఇంకా టైముంది పో' అంటారు. లోపలికి తోడు రానివ్వరు. అరిస్తే తిడతారు. మొగునితో పండుకున్నప్పుడు లేని నొప్పి ఇప్పుడెక్కడిదని అడగడం దేశమంతటా పరిశోధకులు ప్రసవ గదుల్లో మళ్ళీ మళ్ళీ విని రాసుకున్న తిట్టు. ఈ తిట్టు పేద ఆడవాళ్ళందరికీ పడుతుంది. దళిత తల్లికి దాంతోపాటు 'మీరింతే, మీకు శుభ్రం తెలీదు, ఏటా కంటారు' అన్న కులం తిట్టు కూడా కలిసి వస్తుంది. కులం పేరు ఎత్తకుండానే కులాన్ని తిట్టే భాష ఆసుపత్రికి బాగా వచ్చు.

2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రసవ సమయంలో అవమానం, దౌర్జన్యం మానవ హక్కుల ఉల్లంఘన అని ప్రకటన చేసింది. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రసవ గదిలోకి ఒక ఆడతోడును అనుమతించాలని చెప్పింది. 2017 చివర్లో 'లక్ష్య' అనే కార్యక్రమం కింద గౌరవంగా కానుపు చెయ్యాలని మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద గౌరవం వచ్చింది. ఈ కాగితం మీ ఆసుపత్రి గోడ మీద ఉందా, ఉంటే తెలుగులో ఉందా అని కార్యకర్తలు అడిగి చూడాల.

ఇంకొక చిన్న గడి సంగతి. ఆసుపత్రి నమోదు పుస్తకంలో భర్త పేరు అనే గడి ఉంటుంది. అనంతపురం, కర్నూలు, బళ్ళారి సరిహద్దు ఊళ్ళల్లో ఆడపిల్లను దేవతకు విడిచే బసివి ఆచారం ఉంది. 1891లోనే ఫాసెట్ అనే తెల్లాయన దాని మీద వ్యాసం రాశాడు. 1988లో రాష్ట్రం చట్టం చేసి నిషేధించింది. ఆచారం చేసింది ఊరు, అనుభవించింది ఊరి పెద్దలు. ఆసుపత్రి కౌంటరు దగ్గర మాత్రం ఆ గడి ముందర నోరు మూసుకొని నిలబడాల్సింది ఆమె. పెళ్ళికాని తల్లి బిడ్డకు తండ్రి పేరు లేకుండానే పుట్టిన సర్టిఫికెట్ ఇవ్వాలని 2015లో సుప్రీం కోర్టు చెప్పింది. ఈ సంగతి ఎంతమంది గుమాస్తాలకు తెలుసు?

గది కడిగేదెవరు?

ప్రసవ గదిలో ఇద్దరు దళిత ఆడవాళ్ళు ఎదురుపడతారు. ఒకరు కనేవాళ్ళు, ఇంకొకరు కడిగేవాళ్ళు. సామెతలో మంత్రసానికి అప్పజెప్పిన పని ఆసుపత్రిలో ఎవరికి పోయింది? బిడ్డను పట్టే పని చదువైంది, డిగ్రీ అయింది, జీతం అయింది. పియ్యీ, రక్తం, మాయ పట్టే పని ఆయమ్మకు మిగిలింది. పాత కులవృత్తి రెండు ముక్కలైంది. గౌరవం ఉన్న ముక్క పైకి పోయింది, మైల ఉన్న ముక్క కింద ఉండిపోయింది.

ఆసుపత్రుల్లో శుభ్రం చేసే పనిని కాంట్రాక్టుకు ఇచ్చాక ఆ ఆయమ్మకు పర్మనెంటు ఉద్యోగం పోయింది. జీతం నెలల తరబడి ఆగుతుంది. బిడ్డ పుట్టగానే ఆమె చేయి చాపుతుంది. మగబిడ్డకు ఒక రేటు, ఆడబిడ్డకు ఒక రేటు. తల్లి దగ్గర ఉండదు, ఆమె విడవదు. పేపర్లో వార్త వస్తుంది, ఆయా లంచం అడిగిందని. నిజమే, అడిగింది. కానీ ఆమెకు జీతం సక్రమంగా ఇయ్యని కాంట్రాక్టరు పేరు ఆ వార్తలో ఉండదు. ఇద్దరు కూలి ఆడవాళ్ళను ఒకరి మీదికి ఒకర్ని తోలి ఆసుపత్రి చేతులు కడుక్కుంటుంది. ఆయమ్మకు చేతి తొడుగులు, నెలనెలా జీతం, పర్మనెంటు ఉద్యోగం అడగడం తల్లుల ఉద్యమంలో భాగం కాకపోతే ఆ ఉద్యమం సగమే.

తెలుగులో ప్రసవ గదిని కవిత్వంలోకి తెచ్చిన ఘనత స్త్రీవాదులది. కొండేపూడి నిర్మల రాసిన 'లేబర్ రూమ్' ఆ రోజుల్లో పెద్ద చర్చే లేపింది. ఆ కవిత్వం ఆడదాని నొప్పికి గొంతునిచ్చింది. ఆ బల్లను తుడిచిన చేతి గురించి మాట్లాడే పని దళిత స్త్రీలకు మిగిలింది. 2003లో గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' వచ్చాక ఆ గొంతులు ఒకచోట కనపడ్డాయి.

కోత, తర్వాతి కూలి

2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కానుపులు సిజేరియన్లు. ప్రైవేటులో 63, ప్రభుత్వంలో సుమారు 27. ఒకప్పుడు కోత దొరక్క చచ్చిన తల్లి, ఇప్పుడు అక్కర్లేని కోతకు అప్పు చేస్తోంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. పేదవానికి ప్రైవేటు ఆసుపత్రి తలుపు తెరుచుకుంది. ఆ కాలంలోనే తెల్లబట్ట, కడుపునొప్పి అని పోయిన ఆడవాళ్ళకు గర్భసంచి తీసెయ్యడం రాష్ట్రమంతా పెరిగిపోయింది. 2015-16 సర్వేలో దేశంలో 3.2 శాతం ఆడవాళ్ళకు గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9 శాతం. నిరాకరించడం ఒక రకం అంటరానితనం. అడగకుండా కోసెయ్యడం ఇంకో రకం.

కోత పడిన ఆడది ఎన్నాళ్ళకు కూలికి పోతుంది? డాక్టరు బరువెత్తవద్దంటాడు. వేరుశెనక్కాయ పీకే అదును ఆగదు. సిజేరియన్ అయిన రెండు మూడు నెలలకే వంగి పనిచేసే ఆడదాని నడుము నొప్పి ఏ కేసు షీటులోనూ ఎక్కదు. బెంగుళూరుకు వలసపోయి ఇటుక, కంకర మోసేవాళ్ళ సంగతి ఇంకా కష్టం. కార్డు ఊళ్ళో ఉంటుంది, కడుపు పట్నంలో ఉంటుంది. 2010లో శాంతి దేవి అనే పేద దళిత తల్లి, వలస కుటుంబం ఆమెది, సరైన వైద్యం దక్కక కానుపులో చనిపోయింది. అదే ఏడు ఢిల్లీ హైకోర్టు కానుపు వైద్యం దక్కడం జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. కాగితం ఎక్కడిదని అడగకుండా వైద్యం చెయ్యాలన్నది ఆ తీర్పు సారం. కదిరి నుంచి బెంగుళూరు పోయే ప్రతి చూలింతకూ అది వర్తిస్తుంది.

1928 జులై 28న బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లు మీద అంబేడ్కర్ మాట్లాడారు. కానుపుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు అని, ఆ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వం మొయ్యాలని ఆయన వాదన. ఆ బిల్లు ఫ్యాక్టరీ ఆడవాళ్ళ కోసం. దాదాపు నూరేళ్ళయింది. 1961లో దేశమంతటికీ చట్టం వచ్చింది, కానీ అది చేలో కూలి ఆడదాని దాకా రాలేదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రతి తల్లికీ 6000 రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వాలంది. 2017లో పథకం వచ్చేసరికి అది 5000 అయింది, మొదటి బిడ్డకు మాత్రమే అయింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని ప్రారంభించింది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. పని దగ్గర ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురుంటే చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టాలని ఆ చట్టంలో రాసుంది. ఎన్ని ఊళ్ళల్లో ఆ మనిషిని చూశాం? చట్టానికి పుట్టిల్లయిన జిల్లాలోనే ఆ వాక్యానికి చోటు దొరకలేదు. ఆఫీసు ఉద్యోగికి ఇరవయ్యారు వారాల సెలవు, కూలి తల్లికి చెట్టుకు కట్టిన చీర ఉయ్యాల.

చెయ్యవలసిన పని

ఈ చరిత్ర ఇంకా రాయవలసి ఉంది. దాన్ని రాయడానికి పెద్ద గ్రంథాలయం అక్కర్లేదు. మీ ఊరి గేరిలో ముసలవ్వలున్నారు. ఎవరు కానుపు చేశారు, ఊరి నుంచి మంత్రసాని వచ్చిందా, మొదట ఆసుపత్రికి పోయినప్పుడు ఏ మాట అన్నారు, ఆపరేషన్ ఎవరు చెయ్యించారు, కాగితం మీద వేలిముద్ర వెయ్యకముందు అందులో ఏముందో చదివి చెప్పారా అని అడగండి. టీచర్లు ఇది పిల్లల చేత రాయించవచ్చు. విద్యార్థులు దీన్ని పరిశోధనగా ఎంచుకోవచ్చు. కేసు షీటులో డాక్టరు రాసేది ఉంటుంది, తల్లి చెప్పేది ఉండదు. ఆ రెండో కేసు షీటు మనం రాయాల.

కార్యకర్తలకు ఇంకో పని ఉంది. తల్లుల చావుల లెక్కను జిల్లా వారీగా, కులం వారీగా బయటపెట్టమని అడగాల. ప్రతి ప్రసవ గదిలో ఒక తోడును రానివ్వమని పట్టుబట్టాల. ఆయమ్మను కాంట్రాక్టు నుంచి విడిపించమని అడగాల. కూలి తల్లికి కూలి నష్టం కట్టియ్యమని, ఆ కట్టియ్యడంలో ఎన్నో బిడ్డ అని లెక్కపెట్టవద్దని అడగాల. 1885లో బోర్డు మీద ఎవరికి అని స్పష్టంగా రాశారు. ఇప్పుడు బోర్డు మీద అందరికీ అని ఉంది. ఆ మాటను నిజం చెయ్యించుకోవడానికి ఇప్పుడు మన చేతిలో చట్టాలున్నాయి, తీర్పులున్నాయి, చదువుకున్న మన పిల్లలున్నారు. మన అవ్వలకు ఇవేవీ లేవు.